రక్తం పట్టే రసం

మా కాలేజీలో ఆడవాళ్ళ బాత్‌రూమ్ తాళం ఆఫీసు గదిలో మేకుకి వేలాడుతుంది. కావాలంటే గుమస్తా ఎదుట నిలబడి అడగాలి. ఆయన తలెత్తి ముందు గోడ గడియారం చూస్తాడు, తర్వాత నన్ను చూస్తాడు, ఆ తర్వాత తాళం ఇస్తాడు. పదకొండేళ్ళుగా ఇంటర్ పిల్లలకి లెక్కలు చెబుతున్నదాన్ని, డెబ్భైమందిని ఒక్క కేకతో కూర్చోబెట్టగలదాన్ని, ఆ తాళం అడగడానికి మాత్రం నాకు నోరు పెగిలేది కాదు. అందుకని నీళ్ళు తాగడం మానేశాను.

ఇదేదో నా ఒక్కదాని తెలివి అనుకోకండి. స్టాఫ్ రూమ్‌లో ఆడవాళ్ళం ఐదుగురం. ఐదుగురి నీళ్ళ సీసాలూ సాయంత్రానికి పొద్దున ఎంత నిండుగా ఉన్నాయో అంత నిండుగానే ఉంటాయి. రాజాంలో ఏడున్నర బస్సు పట్టుకుంటే పొందూరు, చిలకపాలెం మీదుగా ఎచ్చెర్ల దగ్గర దిగేసరికి తొమ్మిదవుతుంది. సాయంత్రం అదే దారి, అవే కుదుపులు. ఆ కుదుపులకి ఎండిన గొంతుతో కూర్చోవడమే నయమని ఐదుగురం ఎవరికి వాళ్ళం తేల్చుకున్నాం. ఒకరితో ఒకరం ఆ మాట అనుకున్నది లేదు.

దాని ఫలితం రావలసిన చోటే వచ్చింది. ముందు మంట. తర్వాత నిమిషానికోసారి ఒంటికి వెళ్ళాలనిపించడం, వెళ్తే నాలుగు చుక్కలు. మా వైపు దీనికి ఒకటే పేరు, వేడి చేసింది. సబ్జా గింజలు నానబెట్టుకుని తాగాను. బార్లీ కాచుకున్నాను. మజ్జిగ పల్చగా చేసుకున్నాను. వారం చూసి రాజాంలోనే ఒక డాక్టరమ్మ దగ్గరికి వెళ్తే పరీక్ష చేయించి, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉంది, ఏడు రోజుల మందు పూర్తిగా వాడు, నీళ్ళు బాగా తాగు అంది. మూడో రోజుకి మంట తగ్గింది. మందు ఆపేశాను. నీళ్ళు తాగడం ఎలాగూ నా చేతిలో లేదు, గుమస్తా చేతిలో ఉంది.

నాలుగు నెలలకి మళ్ళీ వచ్చింది. ఆ తర్వాత మూడు నెలలకి మళ్ళీ. మూడోసారి స్టాఫ్ రూమ్‌లో పొట్ట పట్టుకుని కూర్చుంటే ఫిజిక్స్ చెప్పే మేడమ్ నా పక్కకి వచ్చి, చెవిలో చెప్పినట్టు చెప్పింది. "క్రాన్‌బెర్రీ రసం తాగండి మేడమ్. మా అక్కకి తగ్గింది." ఆ పండు నేను చూడలేదు. మన పండు కాదు, మన మట్టిది కాదు. మందుల షాపులో సీసా దొరికింది. రుచికి మన వాక్కాయకి దూరపు చుట్టంలా ఉంది, పులుపు, వగరు, తాగాక నాలుక గరుకు.

డాక్టరమ్మని అడిగాను కూడా. "తాగితే తాగు. కొంతమందికి మళ్ళీ మళ్ళీ రాకుండా కాస్త పనిచేస్తుంది. వచ్చినదాన్ని తగ్గించదు, దానికి మందే వాడాలి. చక్కెర వేసినది కొనకు. కిడ్నీలో రాళ్ళుంటే మాత్రం నాకు చెప్పకుండా తాగొద్దు" అంది. ఇందులో నేను ఇంటికి మోసుకొచ్చింది మొదటి రెండు మాటలే. తాగితే తాగు. మిగతాదంతా ఆ గదిలోనే వదిలేసి వచ్చాను. అలసిపోయినవాళ్ళు అంతే, తమకి తేలికైన మాటే వింటారు.

ఇంట్లో మా అత్త ఉంటుంది. అత్తంటే ఉత్త అత్తగారు కాదు, మా నాన్నకి సొంత అక్క. చిన్నప్పుడు నా తల దువ్వి జడలు వేసిన చెయ్యే పెళ్ళయ్యాక నా నెత్తిన అక్షింతలు వేసింది. పొలం పనిలో రాటుదేలిన మనిషి. ఆరేళ్ళ కిందట ఆయాసం వచ్చి నాలుగు మెట్లు ఎక్కలేకపోతే విశాఖ తీసుకెళ్ళారు. గుండెలో ఒక వాల్వు పాడైందని తీసి, ఇనుపది పెట్టారు. అప్పట్నుంచి రోజూ సాయంత్రం ఒక మాత్ర. దాన్ని మా ఇంట్లో రక్తం పలచబడే మాత్ర అంటాం. నెలకోసారి శ్రీకాకుళంలో రక్తపరీక్ష. అందులో వచ్చే అంకె రెండున్నరకీ మూడున్నరకీ మధ్య ఉండాలి. దిగువకి వస్తే వాల్వు మీద గడ్డ కడుతుంది, పైకి పోతే ఎక్కడబడితే అక్కడ రక్తం కారుతుంది. ఆకుకూరలు ఒకరోజు మోపెడు, ఒకరోజు సున్నా కాకుండా ఎప్పుడూ ఒకే లెక్కన తినమన్నారు. మా అత్త అంత చిక్కెందుకని పూర్తిగా మానేసింది. గోంగూర వాసన వస్తే మొహం తిప్పుకునేది. పథ్యమంటే ఆవిడకి దేవుడి మొక్కుతో సమానం.

కానీ ఆ మాత్ర అంటే లోపల ఒక దిగులు. రక్తం పలచబడటమంటే రక్తం చచ్చుబడటమని ఆవిడ లెక్క. చెయ్యి తిమ్మిరెక్కినా, కళ్ళు తిరిగినా, మధ్యాహ్నం నిద్ర పట్టినా, ఆ మాత్ర మీదే పెట్టేది.

నేను సీసా తెచ్చిన సాయంత్రం ముందు గదిలో బావ, అంటే నా భర్త, ఇద్దరు రైతులతో ధాన్యం బేరం మాట్లాడుతున్నాడు. అత్త గుమ్మంలో కూర్చుని చింతపండు పిక్కలు తీస్తోంది. నేను వంటింట్లోకి జారుకుని ఫ్రిజ్‌లో పెట్టబోతే ఆవిడ కళ్ళకి అడ్డేముంది?

"ఏటే అది? ఎర్రగున్నాది?"

నిజం చెప్పడానికి నాకు రెండు అడ్డంకులు. ఒకటి, ముందు గదిలో మగవాళ్ళు. రెండోది అసలైనది. ఈ రోగం ఎందుకొచ్చిందో చెబితే ఆ సాయంత్రమే తీర్పు అయిపోతుంది, "ఆ ఉజ్జోగం మానీ! ఒళ్ళు గుల్ల చేసుకుని ఎవుల్ని ఉద్ధరిస్తావు" అని. ఆ ఉద్యోగం నాకు సుఖమేమీ కాదు. కానీ పొద్దున్నే ఏడున్నరకి నన్ను ఇంట్లోంచి బయటికి తీసుకెళ్ళేది అదొక్కటే. దాన్ని పోగొట్టుకోలేను.

"రక్తం పట్టడానికి అత్తా. డాక్టరమ్మ రాసింది" అన్నాను.

"అదీ! రక్తం నేకే కదా అలగ పాలిపోతన్నావు. తాగు, తాగు" అని పిక్కలు తీసుకుంటూ ఉండిపోయింది.

అబద్ధం అంత సులువుగా పని చేస్తుందని నేను అనుకోలేదు. ఎవరూ ఇంకో ప్రశ్న వేయలేదు. ఆడది రక్తం లేదంటే ఈ లోకంలో అందరూ నమ్ముతారు.

వారం తర్వాత సీసా సగం కంటే కిందకి దిగింది. నేను తాగేది పొద్దున ఒక చిన్న గ్లాసు. మా పిల్లలకి ఆ పులుపు పడదు. అడక్కుండానే అత్త చెప్పింది.

"నానూ మద్దేనం ఓ గలాసుడు తాగుతన్నానే. ఆ మాత్ర రక్తాన్ని పలసన సేస్తాది, ఇది పట్టిస్తాది. రెండూ సరిపోతాయి."

నాకు తెలుసు. ఇక్కడే చెప్పాలి, ఆవిడ తాగుతోందని నాకు ఆ రోజు నుంచీ తెలుసు. వద్దు అత్తా అంటే ఎందుకు వద్దని అడుగుతుంది. ఎందుకో చెప్పాలంటే మొదటి మాట నుంచీ విప్పాలి. పండే కదా, విషం కాదు కదా అనుకున్నాను. పైగా, సిగ్గు విడిచి చెబుతున్నాను, నేను తెచ్చింది ఆవిడ ఇష్టంగా తాగుతుంటే నాకు బాగానే ఉండేది. తర్వాత వారం రెండు సీసాలు తెచ్చాను.

ఆ సీసా వెనక కాగితం మీద, చీమ తలకాయంత అక్షరాల్లో, రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళు డాక్టరుని అడిగి తాగాలని రాసే ఉంది. పిల్లల జవాబు పత్రాల్లో ఒక్క మైనస్ గుర్తు తప్పిపోతే పట్టుకుంటాను. అది మాత్రం చదవలేదు.

అత్త మోచేతి మీద నల్లటి మచ్చ కనిపించింది. గడపకి తగిలిందంది. పొద్దున పళ్ళు తోముకుని ఉమ్మితే ఎరుపు కనిపించింది. వేపపుల్ల గట్టిదంది. ఆ రోజుల్లోనే నాలుగు రోజులు జ్వరం వచ్చి సరిగ్గా అన్నం తినలేదు, చోడి అంబలితో, అదే రాగి జావతో, సరిపెట్టుకుంది. నాకు ఇంకో దఫా మంట వచ్చి, నడుం ఎడమ పక్క పీకుతూ ఉంటే, ఆవిడ మచ్చల్ని చూసే ఓపిక నాకు లేదు. ఉన్నదున్నట్టు చెబుతున్నాను. చూశాను, పట్టించుకోలేదు.

వాల్వు పెట్టించాక అత్త ఒక మొక్కు మొక్కుకుంది, ఏటా ఒక ఆదివారం అరసవల్లి వెళ్ళి దండం పెట్టుకోవాలని. ఆ ఆదివారం బావ, నేను తీసుకెళ్ళాం. వరసలో అరగంట నిలబడ్డామో లేదో, ఆవిడ పైట కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. ఎండకి అనుకున్నాను. కొంగు తీస్తే ఎర్రగా తడిసిపోయి ఉంది. ముక్కు నొక్కిపట్టాం, తల ముందుకు వంచాం, ఎవరో చల్లనీళ్ళు తెచ్చి ఇచ్చారు. ఆగలేదు. బావ ఆవిడని ఎత్తుకున్నంత పని చేసి ఆటో ఎక్కించాడు. దారంతా ఆవిడ "దర్శనం అవనేదురా, దర్శనం అవనేదు" అంటూనే ఉంది.

శ్రీకాకుళం ఆసుపత్రిలో కుర్ర డాక్టరు ముక్కులో దూది పెట్టి, రక్తం తీసి పంపాడు. అంకె ఆరు దాటింది. ఆయన మొహం మారింది. మాత్ర రెండుసార్లు వేసుకున్నారా? నొప్పులకి మందులేమైనా? ఆయుర్వేదం? నాటుమందు? కొత్తగా ఏదైనా తిన్నారా, తాగారా?

"ఏటీ లేదండి. ఆకుకూర కూడా ముట్టదు" అన్నాడు బావ.

డాక్టరు నా వైపు చూశాడు. నేను బావ వైపు చూశాను. బావ వెనక పక్కమంచం తాలూకు మగవాళ్ళు ఇద్దరు, చేతులు కట్టుకుని మమ్మల్నే చూస్తున్నారు. "లేదండి" అన్నాను.

మందు ఎక్కించారు. సాయంత్రం మాత్ర ఆపమన్నారు. నర్సు వచ్చి మూత్రం ఎర్రగా వస్తోందా అని అడిగితే, అత్త చాలాసేపు గొణిగి, వారం నుంచీ వస్తోందంది. "ఎర్ర నీళ్ళు తాగితే ఎర్రగా పోదేటి అనుకున్నాను" అని నాకు మాత్రమే వినబడేలా అంది.  ఒకే ఇంట్లో, ఒకే గోడకి అటూ ఇటూ, ఇద్దరం ఒకే చోటి బాధని దాచుకున్నాం. ఆవిడ తాగినది నా రోగానికి తెచ్చిన రసం, నేను దానికి చెప్పినది ఆవిడ భయపడే రోగం పేరు.

మర్నాడు పొద్దున అంకె కాస్త దిగింది. డాక్టరు బావకి చెబుతుంటే విన్నాను. ఏ కారణమూ కనబడటం లేదు కాబట్టి, ఆవిడ ఒంటికి మాత్ర ఎక్కువవుతోందనుకోవాలి, రేపటి నుంచి తగ్గించి రాస్తాను అన్నాడు. బావ తల ఊపి, కాఫీ తేవడానికి కిందకి వెళ్ళాడు. నేను మంచం పక్క స్టూలు మీద నడుం పట్టుకుని కూర్చున్నాను. నాకూ ఒళ్ళు కాలుతోంది.

అత్త కళ్ళు తెరిచింది. ముక్కులో దూది ఉండటం వల్ల గొంతు బొంగురుగా ఉంది.

"ఒసే, ఆ రసం తెచ్చినావా?"

"ఏ రసం?"

"ఎర్రది. ఇంత రక్తం పోనాది కదే. ఇప్పుడు కాక ఇంకెప్పుడు తాగాల అది? బావని పంపి తెప్పించు."

 వద్దనడం ఒక్కటే చాలదు. ఇంటికెళ్తే ఆవిడే తీసుకుని తాగుతుంది. నేను దాచేస్తే, ఇంకోటి అవుతుంది. రసం ఆగిపోయి, మాత్ర కూడా తగ్గిపోతే అంకె దిగువకి పడిపోయి వాల్వు మీద గడ్డ కడుతుందని నాకెవరూ చెప్పనక్కర్లేదు, లెక్కలు చెప్పేదాన్ని నేను. ఒక సంఖ్యని దాచిపెట్టి లెక్క చేస్తే జవాబు తప్పు వస్తుందని రోజూ బోర్డు మీద రాసేదాన్ని నేను. ఇక్కడ జవాబు తప్పితే మార్కులు పోవు, మా అత్త పోతుంది.

"అత్తా, అది రక్తం పట్టడానికి కాదు" అన్నాను.

చెప్పేశాను. మంట గురించి, తాళం గురించి, నీళ్ళు తాగకపోవడం గురించి, సగంలో ఆపేసిన మందుల గురించి. తల దించుకుని, దుప్పటి అంచు చూస్తూ చెప్పాను.  తిట్టు వస్తుందని చూశాను. ఉజ్జోగం మానీ అన్న మాట కోసం చూశాను. రాలేదు.

ఒక్కటే అడిగింది. "డాక్టరుకి సెప్పాల కదా ఇది?"

"చెప్పాలి."

"నీ ఊసెత్తకు. నానే బజార్లో సూసి, తాగాలని బుద్ధి పుట్టి, కొనిపించుకున్నానని సెప్తాను. ముసిల్దాన్ని, నన్నేటంటారు? నీకెందుకే నలుగురిలో ఆ మాట."

నేను ఆవిడని చంపబోయాను. ఇంకో మాటలో చెప్పలేను దాన్ని. ఆ మనిషి, ముక్కులో దూదితో, చేతికి సూదితో, నా సిగ్గుని తన నెత్తిన వేసుకోవడానికి చూస్తోంది. ఏడుపు కాదు వచ్చింది, నా మీద నాకు అసహ్యం వచ్చింది. లేచి, డాక్టరు గదికి వెళ్ళాను.

కాఫీకని వెళ్ళిన బావ అప్పటికే ఆ గదిలో ఉన్నాడు, ఏదో కాగితం మీద సంతకం పెడుతున్నాడు. బయటికి వెళ్ళమందామనుకున్నాను. అనలేదు. నర్సు ఉంది, ఇంకో రోగి తాలూకు మనిషి ఉన్నాడు. ఉండనీ అనుకున్నాను.

"మా అత్త మూడు వారాలుగా క్రాన్‌బెర్రీ రసం తాగుతోందండి. రోజూ ఒక గ్లాసు. ఒక్కోరోజు రెండు. నిన్న మీరడిగితే నేను లేదన్నాను. నాకు తెలుసు."

డాక్టరు కలం కింద పెట్టాడు. కోప్పడతాడనుకున్నాను. ఎంత గ్లాసు, ఎప్పటి నుంచి, సీసా మీద ఏముంది, అన్నీ అడిగి రాసుకున్నాడు. "ఇదొక్కటే కారణమని నేను అనలేను. చాలామందికి కాస్త తాగితే ఏమీ కాదు. ఈ మాత్ర వేసుకునే కొందరికి మాత్రం రక్తం మరీ పలచబడినట్టు చూశారు. మధ్యలో జ్వరం, తిండి లేకపోవడం, అదీ కలిసుంటుంది. కానీ మీరు చెప్పకపోయుంటే మాత్ర తగ్గించి పంపేసేవాణ్ణి" అన్నాడు.  కాగితం మీద తగ్గించి రాసిన అంకె కొట్టేసి, పాత మోతాదే మళ్ళీ రాశాడు. రెండు రోజులకోసారి రక్తం చూపించమన్నాడు.

ఆ పండు మంచిదా, చెడ్డదా అని ఇప్పటికీ నన్నెవరైనా అడిగితే నాకు విసుగొస్తుంది. పండుకేం తెలుసు? ఎవరు తాగుతున్నారో, ఎందుకు తాగుతున్నారో తాగేవాళ్ళకి తెలియాలి. అది తెలియకుండా చేసింది నేను.

"ఇంతకీ ఎవరికోసం కొన్నారది?" అని అడిగాడు డాక్టరు.

"నాకోసం. మూత్రంలో ఇన్‌ఫెక్షన్. ఎనిమిది నెలలుగా వస్తూ పోతూ ఉంది."

బావ తల తిప్పి నన్ను చూశాడు. "ఎనిమిది నెలలా? నాకు సెప్పలేదేటి?" అన్నాడు. కోపంగా కాదు. బిత్తరపోయినట్టు.  పక్కనే పడుకునే మనిషి. చెప్పలేదు, అంతే.

జ్వరం ఉందా, నడుం నొప్పి ఉందా అని డాక్టరు అడిగితే రెండూ ఉన్నాయన్నాను. అది కిడ్నీదాకా పాకి ఉండొచ్చు, ఇవాళే పరీక్ష చేయించుకోండి, ఈసారి మందు సగంలో ఆపకండి అని నా పేరు మీద వేరే చీటీ రాశాడు.

ఆ చీటీ పట్టుకుని వార్డులోకి వచ్చాను. అత్త గుమ్మం వైపే చూస్తోంది.

"ఏటి సెప్పినావు?"

"ఉన్నదే చెప్పాను."

"నా పేరు మీదేనా?"

"నా పేరు మీదే. బావ కూడా విన్నాడు."

ఆవిడ సూది ఉన్న చెయ్యి జాగ్రత్తగా పైకెత్తి, కాళ్ళు ముడుచుకుని, గోడ వైపు జరిగింది. మంచం మీద జానెడు చోటు వచ్చింది. అందులో అరచేత్తో తట్టింది. పడుకోమని. వార్డులో అందరూ చూస్తున్నారు. నాకు నిలబడే ఓపిక లేదు, వెళ్ళి ఆవిడ పక్కన ఒత్తిగిలి పడుకున్నాను.

"ఇప్పుడు సెప్పు" అంది అత్త, వార్డంతా వినబడే గొంతుతో. "ఎక్కడ నొప్పి నీకు?"

ఆవిడ చెయ్యి తీసుకుని నా నడుం మీద పెట్టుకున్నాను.